కొంగులో కర్రి అరుపు

తెల్లారగట్ల లేచి మొహం కడుక్కుని, గ్లాసుడు టీ తాగి, తట్ట నెత్తికెత్తుకునే ముందు అసిరమ్మ గడప మీద కూర్చుని కొంగు చాపేది. వాళ్ల కుక్క కర్రి ఒళ్లు విరుచుకుంటూ వచ్చి ఆ కొంగులోకి ఒక్కసారి మొరిగేది. అసిరమ్మ చటుక్కున ముడేసేది. ముడి బిగిసేలోగా అరుపు కాస్త బయటికి జారబోతే, "ఆగవే, తొందరేటి నీకు?" అని బొటనవేలితో లోపలికి నెట్టి, పైన ఇంకో ముడి వేసేది. ఆ ముడి బొడ్లో దోపుకుందంటే ఇక హార్బరుకి బయల్దేరినట్టే.

ఆవిడొక్కతే కాదు. హనుమంతవాక దాటాక కొండ కింద వరసగా ఉన్న పాకల్లో చేపలమ్ముకునే ఆడవాళ్లంతా అంతే. పోతమ్మ వచ్చేది, గంగాలమ్మ వచ్చేది, చంటిపిల్లని చంకనేసుకుని కొత్త కోడళ్లు వచ్చేవాళ్లు. కర్రి ఎవరినీ కాదనేది కాదు. నల్లటి కుక్క, ఒక చెవి చిరుగు, తోక మాత్రం జమీందారు గారి మీసంలాగా ఎప్పుడూ పైకే. కొండ కింద నుంచి మద్దిలపాలెం డిపో దాకా చీకట్లో నడవాలి. అక్కడ మొదటి బస్సెక్కాలి. ఫిషింగ్ హార్బర్లో దిగి మగాళ్లని తోసుకుని చేపల వేలంపాట దగ్గర నిలబడాలి. దారిలో తాగుబోతు వెంటపడినా, తట్టలో చందువ చేపల మీదికి గద్ద దిగినా, పాట పాడేవాడు ఆడదే కదా అని తను పాడుకున్న గంపని పక్కవాడికి దాటించబోయినా, కొంగు ముడి విప్పితే చాలు. కర్రి అరుపు ఉన్నపళాన బయటికి దూకేది. తాగుబోతు లుంగీ ఎగ్గట్టి పరుగో పరుగు. ముడికి ఒక్క అరుపే. విప్పాక అయిపోయినట్టే, మళ్లీ మర్నాడు కొంగు చాపాల్సిందే.

ఇందులో వింతేముందని ఎవరూ అనుకోలేదు. మొదటి బస్సు కండక్టరు శ్రీరామ్మూర్తి అయితే, "అరుపులున్నోలు ముడులు సూసుకోండమ్మా, నిన్న ఎవల్దో ఊడిపోతే డ్రైవరు సడన్ బ్రేకేసీనాడు" అంటూ టిక్కెట్లు కొట్టేవాడు. ఒకసారి పోతమ్మ మతిమరుపు కొద్దీ ముడి విప్పకుండానే చీర గంజిలో ముంచి ఆరేసింది. ఆ అరుపు కాస్తా బిరుసెక్కిపోయి, ఎవరి పెళ్లిలోనో వడ్డన మధ్యలో పెళపెళలాడుతూ బయటపడింది. అందరూ పోతమ్మనే చీవాట్లు పెట్టారు. చీర నానబెట్టే ముందు కొంగు చూసుకోవద్దా మరి!

పాతూళ్లో పాత పోస్టాఫీసు పక్కన అసిరమ్మ దగ్గర వాడికగా చేపలు కొనే రసూల్ బీ అని ఒకావిడుంది. వాళ్లింట్లో కుక్కని గడప తొక్కనివ్వరు. మొగుడు సరుకు కోసం ఎలమంచిలి వెళ్లిన రోజుల్లో మాత్రం, "అసిరమ్మా, నాకూ ఒకటి తెచ్చిపెట్టు" అనేది. "కుక్కకైతే చొంగుంటుంది, బొచ్చుంటుంది. అరుపుకేముంది? నమాజుకి అడ్డం రాదు" అని చెంగు చివర కట్టుకునేది. అరుపు తీసుకున్న రోజున అసిరమ్మతో బేరమాడేది కాదు.

ఇన్ని అరుపులు చేతిలో ఉన్నా, అసిరమ్మని భయపెట్టేదాన్ని తరిమే అరుపు ఒక్కటీ లేదు. ఆ భయం ఇంట్లోనే, నులకమంచం మీదే ఉంది. ఆవిడ మొగుడు తవిటయ్య దగ్గు.

తవిటయ్య కొండకి ఆ పక్కన రాళ్ల క్వారీలో కంకర మిషను దగ్గర పని. స్టీల్‌ప్లాంటు కడుతున్న రోజులవి. ఎంత కంకర కొట్టినా చాలేది కాదు, లారీలు క్యూ కట్టేవి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి తవిటయ్య కనుబొమ్మలు, చెవులు, గుండెల మీది బొచ్చు అన్నీ తెల్లగా ఉండేవి. స్నానం చేస్తే పైదంతా పోయేది. లోపలికి పోయింది పోయేది కాదు. పెద్దాసుపత్రి డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి చూసి, అసిరమ్మని పక్కకి పిలిచి, "రాతిపొడి లోపల పేరుకుపోతోందమ్మా. ఆ పని మాన్పించకపోతే మనిషి దక్కడు" అని ఉన్నమాట చెప్పేశాడు.

అప్పట్నుంచీ ఆవిడది ఒకటే గోల. "మానీ మావా. నా తట్ట మనిద్దరికీ సాల్దా ఏటి?"

"పెళ్లాం మోత్తే కూకుని తినమంటావేటే?" అనేవాడు తవిటయ్య. "ఇంకో పని సూపించు, రేపే మానేత్తాను."

ఇంకో పని ఎక్కడుంది? ఊళ్లలోంచి బస్సుల్లో దిగుతున్న ప్రతివాడూ పని కోసమే దిగుతున్నాడు.

ఆ ఏడాది ఎండాకాలం కొండమీద గడ్డి అంటుకుంది. రెండ్రోజులు పొగే పొగ. చేపలమ్ముకుని అసిరమ్మ ఇంటికొచ్చేసరికి వాకిట్లో గోల గోలగా ఉంది. వీధికుక్కలు అర్ధచంద్రాకారంగా నిలబడి పళ్లు చూపిస్తున్నాయి. వాటికెదురుగా కర్రి. కర్రి కాళ్ల మధ్య ఒక జింకపిల్ల. చీపురుపుల్లల్లాంటి కాళ్లు, వీపునిండా తెల్ల చుక్కలు, తోకకొస కాలి నల్లబడి ఉంది. కర్రి మొరగలేదు. గొంతులో గుర్రుమంటూ నేలమీద వాటికో గీత గీసినట్టు అటూ ఇటూ నడిచింది. ఏ కుక్క ముందుకి వస్తే దాని ముక్కు కొరికింది. చివరికి అవి తోకలు ముడుచుకుని పోయాయి.

అంతకు ముందు వారమే కర్రి పిల్లలు రోగమొచ్చి పోయాయి. పొదుగు ఇంకా నిండుగానే ఉంది. జింకపిల్ల వణుక్కుంటూ దాని పొట్ట కింద మూతితో వెతుక్కుంది. కర్రి ముందు బిత్తరపోయి చూసింది. తర్వాత కూర్చుంది. ఆ తర్వాత పక్కకి ఒరిగి పడుకుని, కాలిన ఆ తోకకొసని నాకడం మొదలుపెట్టింది.

"ఓలమ్మో! సూడండే, పాలిత్తంది!" అని గంగాలమ్మ బుగ్గలు నొక్కుకుంది.

దానికి సుక్కి అని పేరు పెట్టారు. వాకిట్లో కోళ్ల వెంట గెంతేది, పోతమ్మ ఆరేసిన మిరపకాయలు నమిలి తుమ్మేది, తవిటయ్య పనినుంచి రాగానే ఆయన వేళ్లకున్న ఉప్పు నాకేది. తవిటయ్య పైకి, "పో గుంటా, పో" అని కసిరేవాడుగానీ చెయ్యి మాత్రం వెనక్కి తీసుకునేవాడు కాదు. అసిరమ్మకి బిడ్డలు నిలవలేదు. ఒక మధ్యాహ్నం సుక్కి వచ్చి ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోతే, కాళ్లు తిమ్మిరెక్కినా కదలకుండా కూర్చుంది.

అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. సుక్కి వచ్చినరోజు నుంచీ కర్రి ఎవరికీ అరుపులివ్వడం మానేసింది. కొంగు చాపితే మొహం తిప్పుకునేది. పిల్లతల్లి, దాచుకుంటోంది కాబోలు అనుకున్నారు. కానీ వారం తిరిగేసరికి సణుగుడు మొదలైంది. "నిన్న గద్ద నా కానాగడత సేపలు ఎత్తుకుపోనాది. ఆ జింకని కొండమీద ఒగ్గేసి రాకూడదేటప్పా?" అంది పోతమ్మ.

"పాలు మరిసేదాకా ఆగు. ఇప్పుడొగ్గేత్తే నక్కలు తినేత్తాయి" అంది అసిరమ్మ. అడిగినవాళ్లందరికీ అదే జవాబు. ఆవిడా ఖాళీ కొంగుతోనే హార్బరుకి వెళ్లొచ్చేది.

జింకపిల్ల సంగతి చెవినపడ్డవాళ్లలో క్వారీ కంట్రాక్టరు భీమశంకరరావు ఒకడు. మంచి మాటకారి. నవ్వుతూనే పని చేయించుకుంటాడు, నవ్వుతూనే పీకేస్తాడు. ఆయన పంపితే ఇద్దరు మనుషులు గోనెసంచి పట్టుకుని వచ్చారు. కర్రి దాచుకున్న అరుపుల్లో ఒక్కటి తీసింది. ఒకడి చొక్కా కంచెకి వేలాడుతూ మిగిలిపోయింది, మనిషి మాత్రం క్వారీ దాకా ఆగలేదు.

ఆ సాయంత్రం తవిటయ్య కంచంలో చెయ్యిపెట్టి తినకుండా కూర్చున్నాడు.

"కంట్రాక్టరు బాబు పిలిసినాడే" అన్నాడు.

"ఏటట?"

"ఆదోరం పెద్దాపీసర్లు భోజనానికొత్తన్నారట. జింకమాంసం పెడతానని మాటిచ్చేసినాడట. సుక్కిని తెచ్చిత్తే గాజువాకలో ఆయన గోడౌను ఉంది సూడు, ఇనప సామాన్లది, దాన్లో వాచ్‌మేను పని నాకేనట. కుర్చీ ఏత్తాడట. దుమ్ముండదు."

అసిరమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "ఆల మనుసుల్నే మల్లా అంపుకోమను."

"ఆలవల్ల కాదని తెలిసిపోనాది గదా. నన్నే తెమ్మన్నాడు. ఇంటోడి మీద ఏ కుక్కా అరవదు తవిటయ్యా, నువ్వెత్తుకుంటే అది తోకాడిత్తాది అన్నాడు." ఇంకా ఏదో చెప్పబోయాడు, దగ్గు వచ్చేసింది. గోడ పట్టుకుని దగ్గాడు. కళ్లలో నీళ్లు కారేదాకా దగ్గాడు. తువ్వాలు తీసి చూస్తే తడి సున్నంలాగా తెల్లగా ఉంది, దాని మధ్యలో సన్నటి ఎర్ర చార.

అసిరమ్మ ఆ చారనే చూసింది. ఒక పక్క సుక్కి, ఒక పక్క మొగుడు. ఈ లోకంలో ఆవిడకి ఇంకెవరున్నారు? న్యాయం అన్యాయం అన్నీ ఆవిడకీ తెలుసు. కానీ మొగుడు లేని ఇంటిని తలుచుకోలేకపోయింది.

"ఇచ్చేయి మావా" అంది.

"నిజంగానేటే?"

"ఇచ్చేయన్నాను గదా! మల్లా మల్లా అడక్కు."

ఆ రాత్రి ఆవిడ ముద్ద ముట్టలేదు. కర్రి దగ్గర కూర్చుని, "నన్ను తిట్టుకో, ఆణ్ని తిట్టుకోకు. నానే ఇమ్మన్నాను" అని చెప్పుకుంది. కర్రి ఆవిడ చెయ్యి నాకింది. కరిచినా ఇంత బాధుండేది కాదు.

ఆదివారం ఎండెక్కుతుండగా జీపు వచ్చి రోడ్డు మీద ఆగింది. పాకల వరసలోకి రావడానికి దారి లేదు. డ్రైవరు ఇద్రీస్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎటో చూస్తున్నాడు. భీమశంకరరావు దిగి, తెల్ల చొక్కా సర్దుకుని, "ఏం తవిటయ్యా, రెడీయేనా? వంటవాడు మసాలా నూరుకుని కూర్చున్నాడు" అని నవ్వాడు. ఆడవాళ్లంతా గుమ్మాల్లో నిలబడ్డారు. వారంరోజులు సణిగిన పోతమ్మే ఇప్పుడు చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

తవిటయ్య పాక వెనక్కి వెళ్లాడు. అసిరమ్మ కిటికీలోంచి చూస్తోంది. కర్రి లేచి నిలబడింది. వచ్చింది ఇంటివాడే కదా, తోక ఊపింది. కంట్రాక్టరు చెప్పింది అక్షరాలా నిజం. సుక్కి తనంతట తనే గెంతుకుంటూ వచ్చి ఆయన వేళ్లు నాకింది. తవిటయ్య వంగి ఎత్తుకున్నాడు. అది ఆయన మెడమీద తల పెట్టుకుని చెవి చప్పరించడం మొదలెట్టింది. కర్రి తన పిల్లని మంచి చోటే పెట్టానన్న ధీమాతో మళ్లీ చతికిలబడి, కాలితో చెవి గోక్కుంది.

అదిగో, అది చూశాక అసిరమ్మ నిలబడలేకపోయింది. బయటికి పరిగెత్తింది. ఆపమందామనుకుంది, కానీ తవిటయ్య అప్పటికే జీపు దగ్గరికి చేరిపోయాడు.

"వెనకాల పడేసి కాళ్లు కట్టు" అన్నాడు భీమశంకరరావు.

సరే బాబూ అనడానికే తవిటయ్య నోరు తెరిచాడు. లోపల్నించి "భౌ" అని వచ్చింది.

మామూలు అరుపు కాదది. కర్రి అరుపే, కానీ మగవాడి గుండె సైజులో ఉంది. దాంతోపాటు నోట్లోంచి గుప్పెడు రాతిపొడి తెల్లగా ఎగిరి వచ్చి కంట్రాక్టరు చొక్కా మీద పడింది.

భీమశంకరరావు ఒకడుగు వెనక్కి వేసి దులుపుకున్నాడు. "అంటే ఇవ్వనంటావు."

"భౌ!"

"రేపట్నుంచి క్వారీకి రానక్కర్లేదు."

"భౌ! భౌ!"

"గోడౌను పనీ లేదు, తెలిసిందా? తర్వాత వచ్చి కాళ్లమీద పడితే ఊరుకోను."

ఇంక తవిటయ్య ఆపలేదు. అరుపు వెనక అరుపు, పొడి వెనక పొడి. ఏళ్లుగా మింగిన కొండంతా బయటికి వస్తోంది. జీపు అద్దాలు తెల్లబడ్డాయి, రోడ్డు తెల్లబడింది, ఆయన చంకలో ఉన్న సుక్కి వీపుమీద చుక్కలు కనిపించకుండా పోయాయి. సుక్కి మాత్రం బెదరలేదు. అది పుట్టి బుద్ధెరిగాక విన్న తల్లిగొంతు అదేనాయె! ఇద్రీస్ ఎవరూ చెప్పకుండానే జీపు స్టార్టు చేశాడు. "ఎక్కండి సార్, ఇంక ఈయన వినేలా లేడు" అన్నాడు. భీమశంకరరావు ఎక్కాడు. ఆ మధ్యాహ్నం ఆఫీసర్లకి కోడికూరే పెట్టారట.

జీపు పోయాక తవిటయ్య రోడ్డు పక్కన కూలబడి, మిగిలిన అరుపులు కూడా కొండ వైపు తిరిగి వదిలేశాడు. చివరిది చిన్నది, కుక్కపిల్లదిలా ఉంది. అప్పుడుగానీ మాట రాలేదు.

"మంచినీల్లియ్యే" అన్నాడు.

గంగాలమ్మ చెంబు తెచ్చింది. "ఈ కర్రి ముండ ఇన్నాల్లూ అరుపులెక్కడ దాత్తందో అనుకున్నాం. తవిటయ్య వాకిట్లో నోరు తెరుసుకుని తొంగుంటాడు గదా, అన్నీ తీసుకెల్లి ఈడి గుండెల్లో పెట్టేసినాది!" అంది. అందరూ అదే అయ్యుంటుందని తలూపారు. అంతకంటే భద్రమైన చోటు దానికి మాత్రం ఎక్కడ దొరుకుతుంది?

అసిరమ్మకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "ఇచ్చేయమన్నాను గదా నిన్ను!" అని మొగుడి భుజం మీద ఒక్కటిచ్చింది.

"ఇచ్చేద్దామనే ఎత్తుకున్నానే. నోరు తెరిత్తే అదొచ్చింది. నానేటి సేసేది?"

"ఇప్పుడేటి తింటావు?"

"నీ తట్ట మనిద్దరికీ సాల్దా ఏటి?" అన్నాడు తవిటయ్య. ఆవిడ సుక్కిని లాక్కుని, వీపుమీది పొడి అంతా చెంగుతో తుడిచింది.

పాతూళ్లో ఈ కబురు చేపల తట్టకంటే ముందే చేరింది. మర్నాడు అసిరమ్మ వెళ్లేసరికి రసూల్ బీ గుమ్మంలోనే కాచుక్కూర్చుంది. "మా తమ్ముడు హుస్సేన్ బాషాకి హార్బరులో వలల షెడ్డుంది కదా. రాత్రి కాపలాకి మనిషి నిలవడంలేదు. మీ ఆయన మొరుగుతాడటగా, పంపించు" అంది.

అసిరమ్మ అబద్ధమాడలేక, "ఇప్పుడు మొరగడు బీబమ్మా. అన్నీ అయిపోనాయి" అని చెప్పేసింది.

"అయిపోయినట్టు దొంగలకి తెలుసా ఏంటి? మొరిగినవాడన్న పేరు చాలు. సాయంత్రం రమ్మను."

తవిటయ్య ఆ షెడ్డు ముందు కూర్చుంటే ఎదురుగా సముద్రమే. గాలికి ఉప్పు తప్ప ఇంకేమీ లేదు. మొదట్లో కొన్నాళ్లు కాస్త పొడి ఉమ్మేవాడు, తర్వాత అదీ పోయింది. తొలకరి పడి కొండ పచ్చబడ్డాక సుక్కి ఒక పొద్దున గడ్డి మేస్తూ మేస్తూ పైకి వెళ్లిపోయింది. కర్రి దాంతో సగం దూరం వెళ్లి, నిలబడి, అది కనిపించినంతసేపూ చూసి దిగివచ్చింది. రెండ్రోజులు తిండి తినలేదు. మూడోరోజు పోతమ్మ వచ్చి ఊరికే కూర్చుంటే, మళ్లీ అరుపిస్తానన్నట్టు కర్రే ఆవిడ కొంగు పట్టుకుని లాగింది.

ఆ వానాకాలమే ఒక మధ్యాహ్నం అసిరమ్మ ఖాళీ తట్టతో ఇంటికొస్తోంది. ఏళ్లతరబడి, తవిటయ్య ఇంట్లో ఉన్నాడంటే వీధి మలుపు తిరగ్గానే దగ్గు వినిపించేది. ఆ దగ్గు వింటే మనిషి ఉన్నాడని అర్థం, అప్పుడు నెమ్మదిగా నడిచేది. ఆరోజు మలుపు తిరిగితే ఏ చప్పుడూ లేదు. తట్ట రోడ్డుమీదే పడేసి పరిగెత్తింది. రాత్రంతా కాపలా కాసొచ్చిన తవిటయ్య మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆవిడ చెయ్యి తీసుకెళ్లి ఆయన గుండెమీద పెట్టింది. గుండె పైకి లేచింది. దిగింది. మళ్లీ లేచింది. లోపల ఎక్కడా గరగరమన్న చప్పుడు లేదు.

తవిటయ్య కళ్లు తెరిచాడు. "ఏటే?"

"ఏటీ నేదు."

"మరి ఏడుత్తావేటి?"

"నీకెందుకు? తొంగో" అంది అసిరమ్మ. చెయ్యి మాత్రం తియ్యలేదు.